పొదుగు చూసి గేదెను కొనకండి

(ఓపెన్ సోర్స్ ప్యాకేజీని, అంటే ఎవరో రాసి అందరూ వాడుకోవడానికి బయటపెట్టిన కోడుని, నమ్మి వాడవచ్చో లేదో తేల్చుకోవడం ఎలా అన్న విషయం మీద చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు మాత్రం తీసేశాం, మిగతాదంతా మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినబడుతోందా? మైకు కొంచెం గరగరమంటోంది, సర్దుకుపోదాం.

ముందు ఒక మాట అడుగుతాను, చేతులెత్తండి. ఈ నెలలో ఏదైనా కొత్త ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేసుకున్నవాళ్లు ఎంతమంది? దాదాపు అందరూ. బాగుంది. చేసుకునేముందు దాన్ని ఎవరు రాశారో చూసినవాళ్లు? ముగ్గురు, నలుగురు. ఆ అమ్మాయి చెయ్యి సగమే లేచింది, నాలుగున్నర అనుకుందాం. సిగ్గుపడక్కర్లేదమ్మా, నేను కూడా చాలా ఏళ్లు చెయ్యి ఎత్తలేని బాపతే.

మాది గుంటూరు జిల్లాలో ఒక పల్లెటూరు. మా నాన్న గేదెను కొనడానికి సంతకి వెళ్తే నన్నూ వెంట తీసుకెళ్లేవాడు. అప్పుడు నాకు తొమ్మిదో పదో ఏళ్లు. ఒకసారి సంతలో ఒక గేదె, నల్లగా నిగనిగలాడుతోంది, పొదుగు ఇంత లావు. నాన్నా, ఇది కొందాం అన్నాను. ఆయన నవ్వి, పొద్దున దీనికి పాలు పిండలేదురా అన్నాడు. అర్థమైంది కదా? అమ్మేవాడు ఒక పూట పాలు తియ్యకుండా వదిలేస్తాడు. సంతకి వచ్చేసరికి పొదుగు బిగిసిపోయి ఉంటుంది. కొత్తవాడు చూసి మురిసిపోయి డబ్బు తీస్తాడు. తెలిసినవాడు ఏం చేస్తాడు? పళ్లు చూస్తాడు. ఎన్నో ఈత అని అడుగుతాడు. కుదిరితే వాళ్ల ఊరికి వెళ్లి, సాయంత్రం పిండించి చూసి, రాత్రి అక్కడే పడుకుని, పొద్దున మళ్లీ పిండించి, ఆ తర్వాత బేరం మొదలుపెడతాడు.

కోడు పెట్టుకునే వెబ్‌సైటు గిట్‌హబ్‌లో స్టార్లు ఉంటాయి చూడండి, అవి పొదుగు. డౌన్‌లోడ్ల సంఖ్య కూడా పొదుగే.

స్టార్ అంటే ఏమిటి? ఎవరో ఒకరోజు చూసి, బాగుందే అని నొక్కి వెళ్లిపోయారు. వాళ్లు దాన్ని వాడారో లేదో తెలీదు. ఆరేళ్ల కింద నొక్కిన స్టార్ ఇవాళ్టికీ అక్కడే ఉంటుంది, రాలిపోదు. డబ్బు తీసుకుని స్టార్లు అమ్మేవాళ్లు కూడా ఉన్నారు. నవ్వుతున్నారు, అంటే తెలుసన్నమాట. ఇక డౌన్‌లోడ్లు. మీ బిల్డు సర్వరు, అంటే కోడుని నడిచే రూపానికి కూర్చే యంత్రం, రోజుకి నలభై సార్లు తిరిగితే నలభై డౌన్‌లోడ్లు. అందులో మనిషి ఎక్కడున్నాడు? ఆ ప్యాకేజీ కావాలని ఎవడు ఎంచుకున్నాడు? ఇంకేదో ప్యాకేజీ దాన్ని లాక్కొచ్చింది, అంతే.

లెఫ్ట్-ప్యాడ్ సంగతి ఇక్కడ పెద్దవాళ్లకి గుర్తుంటుంది. 2016 మార్చి. జావాస్క్రిప్ట్‌లో పదకొండు లైన్ల కోడు. ఒక మాటకి ఎడమ పక్కన ఖాళీలు చేర్చడం, అదొక్కటే దాని పని. రాసినాయన అజర్ కోచులు. వేరే ప్యాకేజీ పేరు విషయంలో, జావాస్క్రిప్ట్ ప్యాకేజీలు ఉంచే ఎన్‌పీఎమ్‌తో తగాదా వచ్చి, తన ప్యాకేజీలన్నీ అక్కణ్ణించి తీసేసుకున్నాడు. అందులో ఇదొకటి. అంతే, బేబెల్, రియాక్ట్ లాంటి పెద్ద పనిముట్ల మీద ఆధారపడ్డ బిల్డులు ఎక్కడికక్కడ పడిపోయాయి. ఆ పదకొండు లైన్లలో తప్పేమైనా ఉందా? ఒక్క తప్పు లేదు. కోడుకి దివ్యంగా ఉంది ఆరోగ్యం. ఆ తర్వాత ఎన్‌పీఎమ్ తీసేసే నియమాలు మార్చింది, అది వేరే కథ.

నా సొంత కథ ఒకటి చెప్పి అసలు విషయంలోకి వస్తాను. నేను పనిచేసే చోట బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఉంది. షాపులవాళ్లకి తెలుగులో బిల్లు రావాలి. దానికి పీడీఎఫ్ తయారుచేసే ఒక చిన్న పైథాన్ ప్యాకేజీ వాడేవాళ్లం. పేరు చెప్పను, ఎందుకు చెప్పనో చివర్లో మీకే తెలుస్తుంది. ఎంచుకుంది నేనే. స్టార్లు చూశాను, బాగున్నాయి. వెబ్‌సైటు ముచ్చటగా ఉంది. సరే అనేశాను. 2023 అక్టోబరులో పైథాన్ 3.12 వచ్చింది. అందులో డిస్ట్‌యుటిల్స్ అనే భాగాన్ని, ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చెయ్యడానికి వాడేదాన్ని, తీసేశారు. తీసేస్తామని ముందునుంచీ చెబుతూనే ఉన్నారు, హఠాత్తుగా ఏమీ చెయ్యలేదు. మేం సర్వర్లు కొత్త వెర్షన్‌కి మార్చాం, ఈ ప్యాకేజీ ఇన్‌స్టాల్ కావడం మానేసింది. రాత్రి పదకొండు, నెలాఖరు, షాపులవాళ్ల ఫోన్లు. టెన్షన్ ఏ స్థాయిలో ఉంటుందో చెప్పక్కర్లేదు.

అప్పుడు మొదటిసారి ఆ రిపో, అంటే ఆ ప్యాకేజీ కోడు ఉండే చోటు, తెరిచి నిజంగా చూశాను. తమాషా ఏంటంటే, సవరణ అక్కడే ఉంది! ఎవరో పుణ్యాత్ముడు ఎనిమిది నెలల కిందే పంపాడు, ఇంకెవరో మెర్జ్ కూడా చేశారు, అంటే అసలు కోడులో కలిపారు. మరి మాకెందుకు రాలేదు? రిలీజ్ చెయ్యలేదు, అంటే కొత్త వెర్షన్‌గా బయటికి ఇవ్వలేదు. ఎందుకు చెయ్యలేదు? మెర్జ్ చేసే హక్కు ముగ్గురికి ఉంది, పైథాన్ ప్యాకేజీలు అందరూ తెచ్చుకునే పైపీఐలోకి ఎక్కించే హక్కు ఒక్కరికే ఉంది. ఆ ఒక్కరు ఉద్యోగం మారి, ఊరు మారి, ఈ వైపు చూడటం మానేశారు. వంటంతా అయిపోయింది, వడ్డించేవాడు లేడు.

అందుకే ఇప్పుడు నేను ఏ రిపో తెరిచినా ముందు చూసేది ఇదే. ఆఖరి కమిట్ తేదీ, అంటే కోడులో ఆఖరి మార్పు చేర్చిన తేదీ ఒకటి, ఆఖరి రిలీజ్ తేదీ ఒకటి. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ పాతవైతే ఒక అర్థం. కమిట్లు నిన్నటివి, రిలీజ్ రెండేళ్ల కిందటిది అయితే ఇంకో అర్థం, తాళంచెవి ఉన్నవాడు ఇంట్లో లేడని. ఇది చూడటానికి ఒక నిమిషం పడుతుంది. ఆ నిమిషం పెట్టనందుకు నాకు ఒక రాత్రి పోయింది.

సరే. ఇప్పుడు ఎక్స్‌జెడ్.

ఈ కథ మీలో చాలామంది విన్నారు. కానీ అందరూ దీన్ని సెక్యూరిటీ కథగా, దొంగ కథగా చెబుతారు. నేను వేరే వైపునుంచి చూడమంటాను. ప్యాకేజీకి మార్కులు వేసే మన పద్ధతి వైపునుంచి.

ఎక్స్‌జెడ్ యూటిల్స్ అంటే ఫైళ్లను కుదించే సాఫ్ట్‌వేర్. దాదాపు ప్రతి లినక్స్ యంత్రంలో ఉంటుంది. ఏళ్ల తరబడి దాన్ని చూసుకున్నది ఫిన్లాండ్‌కి చెందిన లాసె కొలిన్, దాదాపు ఒంటిచేత్తో. జీతం లేదు. 2021 చివర్లో జియా టాన్ అనే పేరుతో ఒకరు ప్యాచ్‌లు, అంటే కోడుకి సవరణలు, పంపడం మొదలుపెట్టారు. మంచి ప్యాచ్‌లే. 2022లో మరికొన్ని కొత్త పేర్లు మెయిలింగ్ లిస్టులోకి వచ్చాయి. వాళ్లు కోడు పంపలేదు. వాళ్ల పనల్లా సణగడం. ప్యాచ్‌లు ఎందుకు ఆలస్యమవుతున్నాయి, మెయింటైనర్‌కి, అంటే ప్రాజెక్టు చూసుకునే మనిషికి, ఆసక్తి పోయినట్టుంది, ఇంకొకరికి అప్పగించవచ్చుగా, ఇదీ వరస. ఆ జూన్‌లో కొలిన్ జవాబిచ్చాడు. ఆసక్తి పోలేదు, చాలాకాలంగా ఉన్న మానసిక ఆరోగ్య సమస్యల వల్ల పట్టించుకునే ఓపిక తగ్గింది, ఇది డబ్బు రాని సరదా పని అని గుర్తుపెట్టుకోండి అన్నాడు. ఆ మాట అన్న మనిషి మీద వాళ్లు ఒత్తిడి తగ్గించారా? ఇంకా పెంచారు.

చివరికి జియా టాన్‌కి హక్కులు వచ్చాయి. 2023 నుంచి రిలీజులు కూడా ఆ పేరుతోనే మొదలయ్యాయి. 2024 ఫిబ్రవరిలో 5.6.0, మార్చిలో 5.6.1. ఆ రెండింటిలో దొంగదారి ఉంది.

ఇక్కడ ఆగుదాం. మీరు 2021లో ఎక్స్‌జెడ్ రిపో తెరిచారనుకోండి. ఏం కనిపించేది? ఒక్కడే మనిషి, నిదానమైన పని, ఎదురుచూస్తున్న ప్యాచ్‌లు. మీ చెక్‌లిస్టులో ఎన్ని మార్కులు వేస్తారు? మూడో, నాలుగో. అదే రిపో 2023 చివర్లో తెరవండి. క్రమం తప్పని కమిట్లు. ఒక్కరి బదులు ఇద్దరు మెయింటైనర్లు. అడిగినవాటికి జవాబులు. టైముకి రిలీజులు. ఇప్పుడెన్ని వేస్తారు? నేనైతే ఎనిమిది వేసేవాణ్ణి, దాచుకోవడం దేనికి. ఆ ప్యాకేజీ మన లెక్కలో బాగా ఆరోగ్యంగా కనిపించింది ఎప్పుడు? దానికి విషం ఎక్కిస్తున్న రోజుల్లో. పై పటారం, లోన లొటారం అంటారే, అది.

పట్టుకున్నది ఎవరు? స్కానర్లా? ఆడిట్లా? ఆండ్రెస్ ఫ్రాయిండ్ అని, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ డెవలపరు, మైక్రోసాఫ్ట్‌లో ఉద్యోగం. వేరే పనిలో ఉండి, దూరంగా ఉన్న యంత్రంలోకి వెళ్లే ఎస్ఎస్‌హెచ్ లాగిన్ దాదాపు అర సెకను ఎక్కువ తీసుకుంటోందని గమనించాడు. అర సెకను! మనమైతే నెట్టు స్లోగా ఉందనుకుని టీకి లేచేవాళ్లం. ఆయన తవ్వుకుంటూ పోయి 2024 మార్చి 29న బయటపెట్టాడు. అప్పటికది డెబియన్ లినక్స్ వాళ్ల టెస్టింగ్ లాంటి ముందువరస వెర్షన్లలోకి చేరింది, పెద్ద సర్వర్లలోకి ఇంకా చేరలేదు. అదృష్టం.

రెండు చిన్న సంగతులు చెప్పి ఇక్కణ్ణించి కదులుతాను. ఒకటి, ఎస్ఎస్‌హెచ్‌కి అసలు ఎక్స్‌జెడ్‌తో పనే లేదు. కొన్ని లినక్స్ పంపిణీలు, సర్వీసు లేచిందని, సర్వీసులన్నీ నడిపే సిస్టమ్‌డీకి కబురు చెప్పడానికి సొంతంగా ఒక ప్యాచ్ వేసుకున్నాయి. దాంతో సిస్టమ్‌డీ లైబ్రరీ వచ్చింది, దాని వెంట ఇది వచ్చింది. చుట్టం వెంట వచ్చిన చుట్టం. మీరు పిలిచిన వాళ్ల గురించి ఎంత ఆరా తీసినా, వాళ్ల వెనక వచ్చి పంక్తిలో కూర్చున్నదెవరో చూడకపోతే సగం పనే. రెండోది, ఆ దొంగదారిలో ముఖ్యమైన ముక్క, దాన్ని కదిలించే స్క్రిప్టు, గిట్‌లో లేదు. రిలీజ్ చేసిన టార్‌బాల్‌లో మాత్రమే ఉంది. అందరికీ కనిపించే కోడు ఒకటి, చేతికి వచ్చిన మూట ఇంకొకటి. ఆ మూట ఎవరి కంప్యూటర్లో కట్టారు, ఆ కోడు నుంచే కట్టారా అన్నది మనం ఎప్పుడైనా అడిగామా?

2018లో ఈవెంట్-స్ట్రీమ్ అనే జావాస్క్రిప్ట్ ప్యాకేజీ కథ కూడా ఈ కోవదే, ఇంకా సులువుగా జరిగింది. రాసినాయన దాన్ని ఏళ్లుగా వాడటం లేదు. ఎవరో మెయిల్ రాసి నేను చూసుకుంటానన్నారు, ఇచ్చేశాడు. ఆ కొత్త మనిషి ఇంకో చిన్న ప్యాకేజీని దానికి తగిలించాడు, అది కోపే అనే బిట్‌కాయిన్ వాలెట్ మీదికి గురిపెట్టింది. జనం రాసినాయన్ని తిట్టారు. ఆయన చేసిన తప్పేంటి? అలసిపోవడం.

*ఊరకున్నదీ, ఊపిరిపోయిందీ*

కదలిక ఉన్నంతమాత్రాన ఆరోగ్యం కాదని చూశాం. దీన్నే తిరగేసి చూడండి. కదలిక లేనిదల్లా చచ్చిందా?

టెక్ ఉంది. డొనాల్డ్ క్నూత్ రాసిన అచ్చుకూర్పు సాఫ్ట్‌వేర్. ఇక్కడ పీహెచ్‌డీ వాళ్లు ఉంటే రోజూ దాని మీదే బతుకుతుంటారు. దాని వెర్షన్ నంబరు లెక్కల్లో వచ్చే పై (π) విలువకి ఒక్కో అంకె దగ్గరవుతూ ఉంటుంది. 2021లో 3.141592653కి చేరింది. అంతకుముందు అంకె చేరింది 2014లో. మధ్యలో ఏడేళ్లు! మూడు నెలలు కమిట్ లేకపోతే ఎర్రదీపం వెలిగించే పనిముట్టుని దాని మీదికి వదిలితే ఏమంటుంది? శవం అంటుంది.

ఎస్క్యూలైట్ అనే డేటాబేస్ కథ ఇంకా బాగుంటుంది. మీ అందరి జేబుల్లో ఉంది, ఇప్పుడు, ఈ గదిలో. ఫోనులో వాట్సాప్ సందేశాలు దాచేది అదే. దాన్ని రాసేది రిచర్డ్ హిప్, ఆయనతో పాటు వేళ్ల మీద లెక్కపెట్టేటంత మంది. బయటివాళ్ల కోడు తీసుకోరు. ఓపెన్ సోర్స్ అంటారు, తలుపు మాత్రం మూసే ఉంటుంది. చెక్‌లిస్టులో ‘బయటి కంట్రిబ్యూటర్లు’ అన్న గడిలో సున్నా. మరి నమ్మొచ్చా? వాళ్ల దగ్గర అసలు కోడు ఒక లైను ఉంటే పరీక్షల కోడు దానికి దాదాపు 590 రెట్లు. 2050 వరకు చూసుకునే ఉద్దేశం ఉందని రాసిపెట్టుకున్నారు. డబ్బు ఎక్కణ్ణించి వస్తుందో అది కూడా స్పష్టంగా ఉంది, కంపెనీల కన్సార్షియం ఉంది. నేను దాన్ని కళ్లు మూసుకుని వాడతాను.

కాబట్టి ఊరకున్న ప్యాకేజీని చూసినప్పుడు నేను అడిగేది ఇంతే. దీని పని అయిపోయిందా, లేక చేసేవాడు వెళ్లిపోయాడా? ఒక మాటకి ఖాళీలు చేర్చే ప్యాకేజీ అయిదేళ్లు కదలకపోతే పోయేదేముంది. బయటినుంచి వచ్చే ఫైళ్లని విప్పే ప్యాకేజీ, పాస్‌వర్డులు చూసే ప్యాకేజీ, ఇవి రెండేళ్లు కదలకపోతే నాకు నిద్రపట్టదు. మారిపోయే లోకాన్ని ఎంత తాకుతుంది అన్నదాన్ని బట్టి దానికి ఎంత కదలిక కావాలో తేలుతుంది.

మన భాషకి దగ్గర ఉదాహరణ చెప్పనా? మీ ఫోన్లో ‘స్త్రీ’ అన్న అక్షరం సరిగ్గా కనిపిస్తోందంటే, సకారం కింద తావత్తు, రావత్తు తమ చోట్లో కూర్చున్నాయంటే, ఆ పని చేసేది చాలాచోట్ల హార్ఫ్‌బజ్ అనే ఓపెన్ సోర్స్ లైబ్రరీ. ఆండ్రాయిడ్‌లో అదే, క్రోమ్‌లో అదే, ఫైర్‌ఫాక్స్‌లో అదే, లిబ్రేఆఫీసులో కూడా అదే. ఏళ్ల తరబడి అందులో సింహభాగం రాసింది బెహదాద్ ఎస్ఫహ్‌బోద్ అనే ఒక మనిషి, ఇరాన్‌లో పుట్టినాయన. ఆయనకి తెలుగు రాదనే అనుకుంటాను. మన గుణింతం మాత్రం ఆయన చేతిమీదుగా నడిచింది. ‘బస్ ఫ్యాక్టర్’ అని చల్లగా లెక్కవేస్తాం కదా, ఒక మనిషి బస్సు కింద పడితే ప్రాజెక్టు ఏమవుతుంది అని. నాకు ఆ మాట నచ్చదు. బస్సు దాకా ఎందుకు, పెళ్లి అవుతుంది, పిల్లలు పుడతారు, నడుంనొప్పి వస్తుంది.

*పిండి చూడటం*

సరే, మరి పాలు పిండి చూడటం ఎలా? ఇదే కదా మీరు వచ్చింది.

లోకంలో అప్పుడప్పుడు అందరినీ ఒకేసారి కుదిపే మార్పులు వస్తాయి. పైథాన్ 3.12 చెప్పాను. 2024 జూన్‌లో, పైథాన్‌లో లెక్కలు చేసే నమ్‌పై అనే ప్యాకేజీ 2.0 వచ్చింది, దాని మీద ఆధారపడ్డ వేల ప్యాకేజీలు ఏదో ఒకటి మార్చుకోవాల్సి వచ్చింది. మీరు చూస్తున్న ప్యాకేజీ ఆ రోజుల్లో ఏం చేసింది? ఆ తేదీ చుట్టుపక్కల ఇష్యూలు, అంటే వాడేవాళ్లు రాసిన ఫిర్యాదులు, తీసి చదవండి. కొందరు నమ్‌పై ముందస్తు వెర్షన్ వచ్చినప్పుడే సిద్ధమయ్యారు. కొందరు, మాకు టైము పడుతుంది, అందాకా పాత వెర్షన్‌కి కట్టేసుకోండి అని ఒక లైను రాశారు. అది కూడా మంచి జవాబే, నన్నడిగితే చాలా మంచి జవాబు. కొన్నిచోట్ల అరవైమంది ‘నాకూ ఇదే సమస్య’ అని రాశారు, ఇంటివాళ్లు ఎవరూ పలకలేదు. ఇంకేం కావాలి మీకు? ఆ పరీక్ష మీరు పెట్టక్కర్లేదు, లోకం పెట్టేసింది, జవాబు పత్రం అక్కడే ఉంది.

ఇష్యూల సంఖ్య చూసి బెదరకండి. పెద్ద ప్రాజెక్టుకి వేలల్లో ఉంటాయి, వాడేవాళ్లు ఎక్కువ కాబట్టి. సున్నా ఇష్యూలు ఉంటే నేను ఇంకా అనుమానిస్తాను. మూసినవి తెరిచి చూడండి. ఎవరు మూశారు? చాలాచోట్ల ఒక బాట్, అంటే తనంతట తానే పనిచేసే ప్రోగ్రాము, ఉంటుంది, అరవై రోజులు ఎవరూ మాట్లాడకపోతే తనే మూసేస్తుంది. తొంభై శాతం ఇష్యూలు పరిష్కారమయ్యాయి అని చార్టు పచ్చగా కనబడుతుంది. పరిష్కారం కాలేదు, ఊడ్చి మంచం కిందికి తోశారు. కమిట్లలో కూడా అంతే. డిపెండెన్సీల, అంటే తాను ఆధారపడ్డ ప్యాకేజీల, వెర్షన్లు పెంచే బాట్ కమిట్లన్నీ తీసేసి, మనుషులు చేసినవి లెక్కపెట్టండి. ఏడాదికి మూడొందలున్న చోట పదకొండు తేలడం నేను చూశాను.

ఇంకోటి. జబ్బు రాని ప్యాకేజీ లేదు. పాత జబ్బు వచ్చినప్పుడు ఎలా లేచిందో చూడండి. 2021 డిసెంబరు, లాగ్‌ఫోర్‌జే, జావా ప్రోగ్రాములు తమ చిట్టా రాసుకునే ప్యాకేజీ. ఇక్కడ జావా వాళ్లు నిట్టూరుస్తున్నారు, గుర్తుంది. ఎంత ఘోరమైన లోపమో అంత ఘోరం. కానీ ఆ స్వచ్ఛంద సేవకులు ఏం చేశారు? 2.15.0 ఇచ్చారు, చాలలేదు, 2.16.0 ఇచ్చారు, 2.17.0 ఇచ్చారు, నెల తిరక్కుండా 2.17.1. క్రిస్మస్ సెలవుల్లో, ప్రపంచమంతా తిడుతుండగా. ఆ లోపం ఉన్నందుకు నేను దానికి మార్కులు తగ్గిస్తాను, ఆ నెలరోజులకి తిరిగి వేస్తాను. అదే సమయంలో లాగ్‌ఫోర్‌జే 1.x వాడుతూ, అమ్మయ్య మాకు ఈ లోపం లేదు అని సంబరపడ్డవాళ్లున్నారు. దాన్ని 2015లోనే ఆపేశారు! ఇంట్లో ఎవరూ లేరు కాబట్టి గొడవ వినబడలేదు, అంతే.

ఆపేశాం అని చెప్పేవాళ్లని మాత్రం గౌరవించండి. జావాస్క్రిప్ట్‌లో తేదీల పని చూసే మొమెంట్ జేఎస్ వాళ్లు 2020లో, కొత్త ప్రాజెక్టులకి మమ్మల్ని ఎంచుకోకండి, ఫలానావి చూడండి అని తామే రాశారు. అంత ప్రజాదరణ ఉన్నవాళ్లు ఆ మాట చెప్పడానికి ఎంత నిజాయితీ ఉండాలి?

స్కోర్‌కార్డ్ గురించి అడుగుతారని తెలుసు. ఓపెన్ సోర్స్ భద్రత చూసే ఓపెన్‌ఎస్ఎస్ఎఫ్ వాళ్ల పనిముట్టు అది, 2020లో వచ్చింది, ఒక్కో అంశానికి పదికి ఇన్ని అని మార్కులిస్తుంది. వాడండి, నేనూ వాడతాను. అసలు కోడు ఉండే బ్రాంచికి కాపలా ఉందా, కోడు ఇంకొకరు చూశాకే కలుపుతున్నారా, రిలీజులకి సంతకం ఉందా, ఇలాంటివి మన కళ్లు రోజూ చూడలేవు, అది చూస్తుంది. కానీ ‘మెయింటెయిన్డ్’ అన్న అంశంలో అది చూసేది గత తొంభై రోజుల కమిట్లూ ఇష్యూల కదలికా. ఎక్స్‌జెడ్ గుర్తుంచుకోండి, టెక్‌ని గుర్తుంచుకోండి, తర్వాత ఆ అంకె చూడండి.

డబ్బు సంగతి గబగబా. 2014 ఏప్రిల్‌లో హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడ్డప్పుడు తెలిసింది, సగం ఇంటర్నెట్ తాళాలు చూసే ఓపెన్‌ఎస్ఎస్ఎల్‌కి పూర్తికాలం పనిచేసే మనిషి ఒక్కడని, విరాళాలు ఏడాదికి రెండు వేల డాలర్లకి అటూ ఇటూ అని. ఆ తర్వాత కంపెనీలు కదిలాయి, మనుషులు వచ్చారు, ప్రాజెక్టు కోలుకుంది. మన దగ్గర షేర్ల బ్రోకరు జెరోధా 2024లో ఓపెన్ సోర్స్ కోసం ఫ్లాస్ ఫండ్ పెట్టింది, ఏడాదికి పది లక్షల డాలర్లు. మంచిదే. మీ కంపెనీ ఏటా ఆఫీసు స్నాక్స్‌కి పెట్టే ఖర్చెంత? నేను అడగలేదు, మీరు వినలేదు.

ఇప్పుడు కాస్త ఇబ్బందిగా ఉండే మాట. మనం ఈ పరీక్షలన్నీ చేసి, అనుమానం వచ్చి, ఏం చేస్తాం? ఒక ఇష్యూ తెరుస్తాం. ‘ఈ ప్రాజెక్టు బతికే ఉందా?’ చేశారా మీరెవరైనా? నేను చేశాను. ఆ రాత్రి పదకొండున్నరకి, ఆ పీడీఎఫ్ ప్యాకేజీలో, సరిగ్గా ఆ మాటలే రాశాను. తర్వాత ఎక్స్‌జెడ్ పాత మెయిళ్లు చదువుతుంటే నా ఒళ్లు జలదరించింది. కొలిన్‌ని వంచినవాళ్లు వాడిన పనిముట్టు ఏంటి? ఇదే. అచ్చం ఈ స్వరమే. వాళ్లు కొత్తగా ఏమీ కనిపెట్టలేదు. మనలాంటి మామూలు వాడుకరులు రోజూ చేసే సణుగుడుని అనుకరించారు, అది మామూలుగా అనిపించింది కాబట్టే ఎవరికీ అనుమానం రాలేదు. మనం అలా మాట్లాడకపోయి ఉంటే ఆ దొంగ మెయిళ్లు వింతగా కనబడేవి.

నేను ఆ ఇష్యూ మూసేసి, రాసినాయనకి వేరేగా మెయిల్ పెట్టాను. మీ ప్యాకేజీ మీద మా షాపులవాళ్లు ఇంతమంది ఆధారపడ్డారు, థాంక్స్, ఒక్క రిలీజ్ చెయ్యడానికి వీలవుతుందా, నేను ఏమైనా సాయం చెయ్యగలనా అని. ఈలోగా మా పని ఆగకుండా ఆ సవరణ ఉన్న కమిట్‌ని మా దగ్గర కాపీ పెట్టుకున్నాం. అది ఎవరైనా చెయ్యొచ్చు, లైసెన్స్ ఒప్పుకుంటే.

నాలుగు రోజులకి జవాబు వచ్చింది. చాలా మర్యాదగా రాశాడు, క్షమించమన్నాడు, బిడ్డ పుట్టిందన్నాడు. కింద ఒక లైను. మీ పైపీఐ యూజర్‌నేమ్ చెప్పండి, మీకే హక్కులు ఇచ్చేస్తాను.

ఇచ్చేశాడు. నేనెవరో ఆయనకి తెలీదు. నా మొహం చూడలేదు, నా గొంతు వినలేదు. ఒక్క మెయిల్. నేను మంచివాణ్ణి కాబట్టి, అంటే అలా అనుకుంటున్నాను కాబట్టి, సరిపోయింది. రిలీజ్ చేశాను, మా బిల్లులు వచ్చాయి. అప్పట్నుంచి ఆ ప్యాకేజీకి తాళంచెవి ఉన్న మనిషిని నేనే. పేరు ఎందుకు చెప్పలేదో అర్థమైంది కదా? ఇందాక చెప్పిన పరీక్షలన్నీ మీరు ఇంటికి వెళ్లి దాని మీద చేస్తారు. పాసవుతుందన్న నమ్మకం నాకు లేదు. పోయిన వేసవిలో ఒకతను ‘ఇది బతికే ఉందా’ అని అడిగాడు, మా అమ్మాయికి ఎంసెట్ ఉండి పంతొమ్మిది రోజుల తర్వాత జవాబిచ్చాను.

మూడు వారాల కింద ఒకతను మెయిల్ రాశాడు. అంతకుముందు నాలుగు ప్యాచ్‌లు పంపాడు, నాలుగూ బాగున్నాయి, ఒకటైతే నాకు తట్టనిది. ప్రాజెక్టు నిదానంగా నడుస్తోందని గమనించాను, కావాలంటే రిలీజుల పని నేను చూసుకుంటాను అన్నాడు. ప్రొఫైల్లో ఫొటో లేదు, ఊరు లేదు, అకౌంటు వయసు ఏడాదిన్నర. నిజంగా మంచి కుర్రాడే అయి ఉండొచ్చు, అయి ఉండటానికే ఎక్కువ అవకాశం. నాకు సాయం కావాలి, అదీ నిజం. నేను ఇంకా జవాబు ఇవ్వలేదు.

టైము అయిందంటున్నారు. ప్రశ్నలుంటే అడగండి. ఆ చివరన చెయ్యెత్తినవారు, మైకు వచ్చేదాకా ఆగండి.